శనివారం గౌను

మా మేనమామకి డాన్సంటే గిట్టదని మా ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్లం. నమ్మడానికి కారణాలు లేకపోలేదు. నా పెళ్లిలో పాట మొదలై, జనమంతా కుర్చీలు పక్కకి లాగేసి ‘జారుడు’ వేస్తుంటే, ఆయన ఒక్కడూ చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పెళ్లికూతుర్ని, నేనే ముందు వరసలో ఉన్నాను. కుడికాలు ముందుకి జార్చి, ఎడమ మోకాలు నేలకి తాకించి, అరచెయ్యి ఆనించి, గిర్రున తిరిగి చెయ్యి పైకెత్తి లేచేసరికి ఆయన కుర్చీ ఖాళీగా కనిపించింది. ఒకరి సంతోషం చూసి ఓర్వలేని మనిషని ఆ రోజు బాగా తిట్టుకున్నాను. ఆ తిట్టు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు వేరే తిట్లు తిట్టాను, అవి వెనక్కి తీసుకోను.

జారుడు తెలియనివాళ్లు ఉంటారని నేననుకోను, అయినా చెబుతాను. అప్పట్లో టీవీలో వారానికోసారి పాటలూ డాన్సులూ కలిపిన కార్యక్రమం ఒకటి వచ్చేది. దానికి బారెడు పేరుండేది గానీ, జనం మాత్రం ‘శనివారం’ అనే పిలిచారు. “శనివారం చూశావా?” అని ఆదివారం అడిగేవాళ్లు, బుధవారం కూడా అడిగేవాళ్లు. ఆ వేళకి వీధుల్లో సైకిలు గంట వినిపించేది కాదట. టీవీ ఉన్న ఇంటికి ఎక్కడలేని చుట్టాలూ పుట్టుకొచ్చేవాళ్లట. జారుడు పుట్టింది అందులోనే.

ఆ కార్యక్రమం ఆగిపోయి ఇన్నేళ్లయినా దాని ఆనవాళ్లు ఎక్కడికీ పోలేదు. మంగలి షాపు బోర్డు మీద ‘శనివారం క్రాపు’ ఇంకా ఉంది. గోల్ కొట్టిన కుర్రాడు జారుడు వేస్తాడు. సబ్బు ప్రకటనలో బామ్మ వేస్తుంది. ఎన్నికల్లో గెలిచిన పెద్దాయన ఒకడు లారీ మీద వెయ్యబోయి, నడుం పట్టేసి, ప్రమాణ స్వీకారానికి చక్రాల కుర్చీలో వెళ్లాడు. మా అమ్మాయికి బడిలో కసరత్తుగా నేర్పుతున్నారు. ఇదెవరు కనిపెట్టారమ్మా అని అది నన్నడిగితే, ఎవరో డాన్స్ మాస్టర్ అని చెప్పాను. అందరూ చెప్పేది అదే. మొదట వేసిన అమ్మాయిని మాత్రం ఎవరూ పేరుతో తలచుకోరు. ‘నీలం గౌను’ అంటారు, అంతే.

ఆ నీలం గౌను కుట్టింది మా మావయ్య.

అప్పట్లో ఆయన ఆ కార్యక్రమానికి దర్జీ. ఇది మా ఇంట్లో దాచిపెట్టుకున్న విషయమేం కాదు. అత్తయ్య కొత్తవాళ్లెవరు వచ్చినా మంచినీళ్లతో పాటు ఈ ముక్కా అందించేది. మావయ్య దుకాణం ఇంటి ముందు గదిలోనే. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడ వారన డబ్బాల్లో గుండీలు. కొలత టేపు స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప మెడలోంచి తీసేవాడు కాదు. “నన్ను కట్టుకోకముందే దాన్ని కట్టుకున్నాడు” అనేది అత్తయ్య. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. ఇష్టంలేని ప్రశ్న ఎవరైనా అడిగితే, నోట్లో సూదులున్నాయని సైగ చేసి తప్పించుకునేవాడు. సూదులు లేనప్పుడు అడిగితే గబగబా నాలుగు పెట్టుకునేవాడు.

శనివారం వెలిగిపోయిన రోజుల్లో ఆడపిల్లలందరికీ అలాంటి గౌనే కావాల్సొచ్చింది. అసలు గౌను కుట్టిన చెయ్యే కుడుతుందంటే ఇంకేముంది, మావయ్య గుమ్మం ముందు జనం బారులు తీరారు. వాళ్ల మేడ మీది గది ఆ గౌన్ల మీదే లేచిందని అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆయన ఆ గదిలో పడుకోగా నేను చూడలేదు. మెట్లెక్కలేనంటాడు. దుకాణంలో స్టూలు మాత్రం రోజూ ఎక్కుతాడు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆయన కుట్టిన శనివారం గౌను ఏదీ కింద నేలని తాకేది కాదు. చీలమండ కనిపించేలా పైకే ఆపేసేవాడు. “టీవీలో నేల మీద జీరాడేది కదా మాస్టారూ” అని ఎవరైనా అంటే కస్సుమనేవాడు. “నేను కుట్టేది ఇంతే. కాదంటే వీధి చివర ఇంకో దుకాణం ఉంది.” ఇంత మెతక మనిషి ఈ ఒక్క మాట దగ్గర ఎందుకు అంతెత్తున లేస్తాడో మాకు అర్థమయ్యేది కాదు. చేతిపనివాళ్లకి ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాం.

మొన్నామధ్య టీవీవాళ్ల దగ్గర్నుంచి ఒకమ్మాయి వచ్చింది. నేనప్పుడు దుకాణంలోనే ఉన్నాను, మా అమ్మాయి బడి చొక్కాకి గుండీలు వేయించుకుందామని. పాత స్టూడియోని ప్రదర్శనశాలగా మారుస్తున్నారట. శనివారం నాటి వస్తువులన్నీ పోగుచేస్తున్నారట. నీలం గౌను మావయ్య దగ్గరే ఉందని అప్పటి లైట్లాయన ఎవరో చెప్పాడట. ఉందని మాకే తెలియదు! అత్తయ్య నోరు తెరిచి ఆయన వంక చూసింది. ఆయన సూదుల డబ్బా వంక చూశాడు.

“అద్దాల పెట్టెలో పెడతాం సార్. జారుడు పుట్టింది ఈ గౌనులోనే అని రాస్తాం, కింద మీ పేరు. ప్రారంభం రోజున ఊరంతా ఒకేసారి జారుడు వేస్తుంది. మీరు ముందు వరసలో కూర్చోవాలి.”

“ఇవ్వడానికి అది నాది కాదమ్మా” అన్నాడు మావయ్య.

“మరెవరిది సార్?”

“వేసుకున్నమ్మాయిది.”

“ఆవిడకి ఫోన్ చేశాం సార్. గౌను మాట ఎత్తగానే, నన్ను పిలవకండి అని పెట్టేశారు. ఎందుకో మరి, అంత పేరొచ్చిన మనిషి...”

మావయ్య ముఖం పాలిపోయింది. టీవీ అమ్మాయిని మళ్లీ రమ్మని పంపించి, టీ పెట్టమని అత్తయ్యని లోపలికి పంపించి, స్టూలెక్కి అటక మీంచి పాత దుప్పటి మూట ఒకటి దింపాడు. అందులో ఉంది గౌను. నీలం ఇంకా పోలేదు. కింది అంచు దగ్గర మాత్రం అరచెయ్యంత చిరుగు, చిరుగు పక్కన మాసిన మరక. అది కాలి ముద్ర అని చూడగానే తెలుస్తోంది.

“ఎవరు తొక్కారు మావయ్యా?”

“తనే. నేను తొక్కించాను” అని బల్ల మీద చతికిలపడ్డాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే రెండు రోజులు పడుతుంది. నడుమ నడుమ నీళ్లు నమిలాడు, టీ చల్లారబెట్టుకున్నాడు. సంగతి మాత్రం ఇది. ఆ వారం గౌన్లన్నీ మడమ చెప్పులకి సరిపడా కుట్టాడు. మూడు వేళ్ల ఎత్తు మడమలు. తీరా కార్యక్రమం మొదలయ్యే ముందు, కొత్తగా పాలిష్ పట్టిన నేల మీద ఇద్దరు పిల్లలు జర్రున జారారు. దాంతో అందర్నీ చెప్పులు తీసేయమన్నారు. చెప్పులు తీసేసరికి అన్ని గౌన్లూ మూడు వేళ్లు పొడుగైపోయాయి. కార్యక్రమం నేరుగా ప్రసారం, ఆపడానికి లేదు. మావయ్య సూదీ దారం పట్టుకుని నేల మీద పాకుతూ, ఒక్కొక్క అమ్మాయి అంచూ పైకి మడిచి టాకాలు వేసుకుంటూ వెళ్లాడు. వరసలో చివరి అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది.

ఆ అమ్మాయి కిందికి చూసుకుని, “మాస్టారూ, నాది పొడుగుంది కదూ?” అని అడిగింది.

పక్కనే దుస్తుల విభాగం పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన అంతకుముందు వారమే మావయ్యని అందరి ముందూ కడిగేశాడు. పొడుగుందని ఒప్పుకుంటే మళ్లీ మొదలెడతాడు. కాస్త చేత్తో ఎత్తి పట్టుకో తల్లీ అంటే సరిపోయేది. మావయ్య అలా అనలేదు.

“కెమెరాకి అంతే ఉండాలమ్మా” అన్నాడు.

ఆ అమ్మాయి నమ్మింది. పాట మధ్యలో ముందుకి ఉరికినప్పుడు కాలు అంచు మీద పడింది. జారింది, మోకాలు నేలకి కొట్టుకుంది. మరొకరైతే అక్కడే బోర్లా పడేవాళ్లు. ఆ పిల్ల అరచెయ్యి నేలకి ఆనించి, ఆ ఊపులోనే గిర్రున తిరిగి, చెయ్యెత్తి లేచి నవ్వింది. ప్రేక్షకులు చప్పట్లతో పైకప్పు ఎగరగొట్టారు. మర్నాటికల్లా ఊళ్లో పిల్లలందరూ అదే వేస్తున్నారు. డాన్స్ మాస్టర్ అది తన ఆలోచనే అన్నాడు. చిరిగిన గౌను మావయ్య ఇంటికి తెచ్చి దాచేశాడు. మరుసటి వారం మళ్లీ వెయ్యమన్నారు, ఆపై వారమూ వెయ్యమన్నారు. వారం వారం అదే మోకాలు, అదే నేల. చివరికి మోకాలు పనికిరాకుండా పోయింది. ఆ పిల్ల మానేసి ఆ చోటికి ఇంకో పిల్ల వచ్చింది. ఆ కొత్త పిల్లకి మోకాలి కింద దూది మెత్త కుట్టిచ్చాడు మా మావయ్య. అప్పుడు తట్టింది ఆయనకి, ఆ మెత్త మొదటి పిల్లకే కుట్టి ఉండాల్సిందని.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇన్నేళ్లలో వెళ్లి ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

“ఉన్న మొహమే. వేరేది ఎక్కడ కుట్టించుకుంటావు? ఆవిడ ఎక్కడుందో అసలు తెలుసా నీకు?”

తలూపాడు. తెలుసు. బస్టాండులో మైకులో బస్సుల వివరాలు చెబుతుందట. ఒకసారి బస్సు కోసం నిలబడితే ఆ గొంతు వినిపించిందట. ఈయన అప్పట్నుంచి బస్టాండుకి వెళ్లడం మానేసి, ఎండనకా వాననకా తర్వాతి స్టాపు దాకా నడిచి ఎక్కుతున్నాడట. మేమంతా టిక్కెట్టులో ఒక స్టేజీ తగ్గుతుందని పిసినారితనంతో నడుస్తున్నాడనుకుని ఎన్ని జోకులేసుకున్నామో! ఆ జోకుల్లో సగం నావే. నేను ముందు వరసలో వేసిన జారుడు కూడా గుర్తొచ్చింది. ఒక మనిషి పడిపోతే, దాన్ని పాట పెట్టుకుని మరీ వేశాం మేమంతా. తెలియక వేశామని సర్దిచెప్పుకోబోయాను గానీ, మనసు ఊరుకోలేదు.

“మూట కట్టు, పద” అన్నాను.

బస్టాండులో ఆవిడ గది ప్లాట్‌ఫారాలకి ఎదురుగా, మూడువైపులా అద్దాలతో ఉంది. లోపల ఒక బల్ల, మైకు, పంకా, గోడకి ఆనించిన చేతికర్ర. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది. తలుపు దగ్గర మమ్మల్ని చూసి, విచారణ పక్క కిటికీలో అంది. మావయ్య కదల్లేదు. నేనే వెనకనుంచి లోపలికి తోశాను.

“అమ్మా, నేను... శనివారంలో దర్జీని.”

ఆవిడ ఆయన మెడలో టేపు వంక చూసింది, తర్వాత ముఖం వంక చూసింది. “మాస్టారా! కూర్చోండి. ఆ ప్రదర్శనశాల వాళ్లు పంపించారా?”

“కాదమ్మా. నేనే వచ్చాను.”

“ఒక్క నిమిషం” అని మైకు నొక్కింది. గొంతు మారిపోయింది. మెత్తగా, స్పష్టంగా, ఏ తొందరా లేకుండా రేవు వైపు బస్సు బయల్దేరుతోందని చెప్పింది. అద్దం బయట కాలేజీ పిల్లలు కొందరు ఫోన్లో పాట పెట్టుకుని జారుడు వేస్తున్నారు. ఆవిడ వాళ్ల వైపు చూడలేదు. చూడకుండా ఉండటం అలవాటైన మనిషి చూడకుండా ఉన్నట్టుగా ఉంది. మైకు కట్టేసి, “చెప్పండి” అంది.

మావయ్య మూట ఆవిడ ముందు పెట్టి విప్పాడు. చిరుగు పైకి వచ్చింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆ రోజు పొడుగుంది కదా అని నువ్వు అడిగావమ్మా. కెమెరాకి అంతే ఉండాలన్నాను. అబద్ధం చెప్పాను. చెప్పులు తీసేసరికి మూడు వేళ్లు ఎక్కువైంది. నాకు తెలుసు. తెలిసే అన్నాను. పెద్దాయన తిడతాడని.”

ఆవిడ ఏమైనా అనే లోపు ఇంకో బస్సు వచ్చింది. మైకు నొక్కి, అదే మెత్తటి గొంతుతో దాని వివరమూ చెప్పింది. నేనైతే ఆ మైకులోనే ఈయన్ని ఊరంతా వినేట్టు తిట్టిపోసేదాన్ని. చెప్పడం అయ్యాక మైకు కట్టేసిందో లేదో అని ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

“మాస్టారూ, మోకాలు పోయిందనా మీరు ఇంత బాధపడుతున్నారు?”

“అవునమ్మా.”

“మోకాలు పోతే పోయింది. డాన్సర్లకి మోకాళ్లు పోతూనే ఉంటాయి. ఆ రోజు లోపలికి రాగానే డాన్స్ మాస్టర్ ఏమన్నాడో తెలుసా? కాలు మీద అదుపున్న పిల్ల తన బట్ట తను తొక్కుకోదు అన్నాడు. బయటేమో ఆ అడుగు నాదే అని చెప్పుకున్నాడు, లోపల నాతో ఈ మాట. నేను మిమ్మల్ని తలుచుకున్నాను. కొలత సరిగ్గా ఉందని మాస్టారే చెప్పారు కదా, మరి తప్పు నా కాలిదే అనుకున్నాను.” ఆవిడ బల్ల మీది మైకు కాస్త పక్కకి జరిపింది. “మోకాలు కాస్త బాగయ్యాక పిల్లలకి నేర్పమని ఒక బడివాళ్లు అడిగారు. వెళ్లలేదు. తన కాళ్ల మీద తనకే నమ్మకం లేనిది ఏం నేర్పుతుంది? ఇప్పటికీ మెట్లు దిగాలంటే ప్రతి మెట్టూ చూసుకునే దిగుతాను. ఊరంతా వేస్తుందే, నేను మాత్రం ఇంట్లో పాటొస్తే పాదం కూడా కదపను.”

ఇన్నేళ్లూ మావయ్య ఆవిడ మోకాలి కోసం ఏడ్చాడు. పోయింది మోకాలొక్కటే కాదని, అంతకంటే పెద్దది పోయిందని అప్పుడు తెలిసింది. “నన్ను క్షమించమని అడగడానికి కూడా...” అన్నాడు.

“అడక్కండి” అంది ఆవిడ. “ఇప్పుడు అడిగితే లేదనే అంటాను. పెద్దవారు, మీ ముందు ఆ మాట అనడం నాకిష్టం లేదు.”

ఏదో ఒకటి చెప్పి సర్దుబాటు చెయ్యాలని నోరు తెరిచాను. నా నోరు అందుకే ఉందని మా ఆయన అంటాడు. కానీ ఆవిడ ముఖం చూసి మూసుకున్నాను. తప్పు చేసినవాళ్ల తరఫున వచ్చిన మనిషికి అక్కడ చెప్పడానికేముంది?

ఇంకో రెండు బస్సులు వెళ్లాయి. బయట పిల్లలు కూడా తమ బస్సెక్కి వెళ్లిపోయారు. ఆవిడ గౌను దగ్గరికి లాక్కుని చిరుగు మీద వేలు పెట్టి రాసింది. తర్వాత పక్కకి తిప్పి, టాకాలు పడని అంచంతా చేత్తో తడుముకుంటూ చూసింది. మూడు వేళ్లు పెట్టి కొలుచుకుంది. సరిగ్గా మూడు వేళ్లే.

“దీన్ని ఆ పెట్టెలో పెట్టడానికి వీల్లేదు” అంది.

“పెట్టనమ్మా. నీకిచ్చి వెళదామనే తెచ్చాను.”

“ఇలా నాకెందుకు? సరిచేసి ఇవ్వండి.”

మావయ్యకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడ బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. గౌను తీసుకుని, వేసుకున్న బట్టల మీదే నడుముకి చుట్టుకుంది. నడుం దగ్గర అది కలవలేదు. నేను వెనక నిలబడి రెండు కొసలూ పట్టుకున్నాను.

మావయ్య నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. అలవాటు ప్రకారం నాలుగు గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాడు, టేపు తీశాడు, ఆవిడ పాదాల వంక చూశాడు. కాళ్లకి నల్లటి ఆఫీసు చెప్పులున్నాయి, వాటికి కాస్త మడమ ఉంది. తర్వాత నోట్లోంచి సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“చెప్పులతోనా అమ్మా, లేకుండానా?”

ఆవిడ ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఒక్కో కాలూ బయటికి తీసి, వట్టి పాదాలతో చల్లటి గచ్చు మీద నిలబడింది. మావయ్య నేలనుంచి కొలిచి, అంచు మడిచి, చుట్టూ పాకుతూ సూదులు గుచ్చుకుంటూ వచ్చాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా చెయ్యి మాత్రం తడబడలేదు. పూర్తయ్యాక తలెత్తాడు.

“చూడమ్మా. పొడుగుందా?”

ఆవిడ కిందికి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఒక పాదం కాస్త ముందుకి జరిపి చూసి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

“ఇంకో వేలెడు పైకి” అంది.

అది సరిగ్గా ఉంది. కుట్టుపని రాని నాకే తెలుస్తోంది, సరిగ్గా ఉందని. మావయ్య గుచ్చిన సూదులన్నీ ఒక్కొక్కటే తీసి, వేలెడు పైకి మడిచి, మొదటినుంచి మళ్లీ గుచ్చడం మొదలుపెట్టాడు.